తోక చూసి వదిలేసిన ఫైలు

"అలా నిలబడితే పనైపోతుందా అండీ? కూర్చోండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

వచ్చినావిడ కూర్చోలేదు.

"కూర్చోడానికి రాలేదు. ఆ మందు పంపు ప్రోగ్రామ్ మళ్ళీ చూడమని వచ్చాను."

ఆస్పత్రుల్లో పసిపిల్లలకి చుక్కచుక్కగా మందు ఎక్కించే యంత్రం అది. వచ్చే వారమే ఆస్పత్రులకి వెళ్ళిపోతోంది. దాని ప్రోగ్రామ్‌లో తప్పుల్లేవని ఈ తనిఖీ ఆఫీసు సర్టిఫికెట్ కూడా ఇచ్చేసింది.

"చూశాం కదమ్మా."

"మీ కంప్యూటర్ చూసింది ఫైలు పేరు చివరి తోకని. చుక్క తర్వాత ఉండే ఆ రెండు మూడు అక్షరాల్ని. లోపలికి పోనేలేదు."

"అది ప్రోగ్రామ్ కాదు, ఉత్త రాత అని తోకే చెబుతోందిగా. రాతకి తనిఖీ ఏమిటి?"

"కొందరు అలాగే రాస్తారండీ. ఏది ఎందుకు చేస్తున్నారో మామూలు మాటల్లో చెప్పుకుంటూ పోయి, పేరాల మధ్యలో ప్రోగ్రామ్ పెడతారు. పంపు నడిచేది దాంతోనే."

"ఇంతకీ మీరెవరు?"

"ఆ కంపెనీలోనే చేస్తాను. పేరడక్కండి, ఉద్యోగం పోతుంది."

ఆవిడ వెళ్ళాక పెద్దసారు నవ్వాడు. "ఎవడో తోటివాడి మీద కడుపుమంట. ఇంకోసారి వస్తే గేటు దగ్గరే ఆపించు."

మర్నాడూ వచ్చింది. అప్పటికే ఆఫీసంతా ఆవిడకి తోకమ్మ అని పేరు పెట్టేసింది.

"ఒకరి పొట్ట కొట్టాలని ఎందుకండీ ఇంత పంతం?" విసుక్కుంది ఇన్‌స్పెక్టరమ్మ.

"కొట్టాల్సి వస్తే కొట్టండి. చూడకుండా మాత్రం వదలొద్దు."

"పోనీ, తప్పెక్కడుందో చెప్పండి."

"ఉందని నేనన్నానా? ఎవరూ చూడలేదంటున్నాను."

"మిమ్మల్ని గేటు దగ్గరే ఆపమన్నారు మా సారు."

"గేటు బయటే నించుంటాను. వీధి మీ సారుది కాదుగా."

అన్నట్టే నిలబడింది. కిటికీలోంచి ఎండలో ఆ నిటారు వీపు కనిపిస్తుంటే ఇన్‌స్పెక్టరమ్మకి పని సాగలేదు. పీడ విరగడవుతుందని, ఆ తోకలున్న ఫైళ్ళలోనూ ప్రోగ్రామ్ ఎక్కడుందో వెతకమని కంప్యూటర్‌కి నేర్పి, తనిఖీ మళ్ళీ మొదలుపెట్టింది.

సాయంత్రానికి తేలింది. బిడ్డ బరువు మరీ తక్కువైతే, మందు రెట్టింపు వేగంతో ఎక్కుతుంది.

ఇన్‌స్పెక్టరమ్మ గబగబా గేటు దగ్గరికి వెళ్ళింది.

"తప్పుందండీ. మీ పంతమే నెగ్గింది."

తోకమ్మ మొహంలో సంతోషం లేదు. గేటు ఊచ పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది.

"ముందు పంపులు ఆపించండి," అని వెళ్ళిపోయింది.

మర్నాడు పంపులు ఆపమన్న ఉత్తర్వు పట్టుకుని ఇన్‌స్పెక్టరమ్మే స్వయంగా కంపెనీకి వెళ్ళింది. అక్కడి మేనేజరు చేతులు నలుపుకున్నాడు.

"ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషిని ఇప్పుడే తీసేశామండీ. ఇంత తప్పు చేసి, తల కూడా దించకుండా ఎలా పోతోందో చూడండి."

ఇన్‌స్పెక్టరమ్మ వెనక్కి తిరిగింది.

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నది తోకమ్మే.