హాల్లో నల్ల చదరం

గుమ్మానికి రెండు, హాలుకి ఒకటి, మొత్తం మూడు కెమెరాలు చాలన్నాడు మెకానిక్. నెల రోజుల రికార్డింగు నిలవుండే పెట్టెను టీవీ కింద బిగించాడు. కుట్టుపని చేసుకునే ఆమె అన్నిటికీ తలూపి, ఒక్కటే అడిగింది.

"ఆ మూల కనబడకుండా చెయ్యొచ్చా?"

"అక్కడ ఉత్త కుర్చీయేగా అక్కా?"

"అందుకే."

అత్తగారు పోయి మూడు వారాలు. నాలుగేళ్లు ఆ కుర్చీలోనే ఆవిడకి తల దువ్వింది, కాళ్లకి మేజోళ్లు తొడిగింది. ఏడుపు మాత్రం ఇప్పటికీ రాలేదు.

అతను ఫోన్లో వేలితో గీసి, కుర్చీ ఉన్నంత మేరా నల్ల చదరం పెట్టేశాడు. "అందులో ఏం కదిలినా ఫోన్ మోగదక్కా. దాటి బయటికొస్తేనే మోగుద్ది."

మర్నాడు చీకటిపడ్డాక ఆమె కొట్టు మూసి, బస్టాపులో ఒంటరిగా నించుంది. ఇంటికి తాళం. భర్త రేపటికి గానీ ఊరినుంచి రాడు.

ఫోన్ మోగింది.

తెరిచి చూసింది. హాలు ఖాళీగా ఉంది. ఫోన్లోంచి కుర్చీ కిర్రుమన్న చప్పుడొచ్చింది. నల్ల చదరం కింది అంచు దాటి ఒక పాదం నేలమీదికొచ్చి ఆగి ఉంది. ఊలు మేజోడు. బొటనవేలి దగ్గర అతుకు తను వేసిందే.

బస్సొచ్చింది. ఎక్కి కూర్చుని మళ్లీ చూసింది. రెండో పాదం కూడా బయటికొచ్చింది.

ఆ నలుపేదో ఇంకాస్త పెద్దగా పెట్టమనాల్సింది, అనుకుంది.