బెండా, స్పిన్నరా?

"గాలం అంత బలంగా విసరకండి. సరస్సుని కొట్టడానికి రాలేదు మనం."

సుందర్ రాజు ఆ మాట అనడం నాలుగోసారి. ప్రేమజ్యోతి లెక్కపెడుతూనే ఉంది. ఐదోసారి అన్నాడంటే కారెక్కి డునెడిన్‌లో ఇంటికి వెళ్ళిపోవాలని అప్పుడే నిశ్చయించుకుంది. వెళ్ళిందంటే ఇక అంతే, మళ్ళీ ఈ మనిషి మొహం చూసేది లేదు.

వైహోలా సరస్సు మీది చలిగాలి జెట్టీ చెక్కల సందుల్లోంచి కాళ్ళకి కొడుతోంది. పక్క రెయిలింగుకి అతని గాలం కర్రలు నాలుగు ఆనించి ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో గుడ్డ సంచి.

"ఉన్నవి రెండు చేతులు. నాలుగు కర్రలెందుకు?" అంది.

"బస్సుకీ కారుకీ ఒకటే చక్రం వాడతామా? ఇది ఆరడుగులది, సన్నం. పెర్చ్ చేప చిన్నగా కొరికినా చేతికి తెలుస్తుంది. చివర ఈ మెరిసే రేకు స్పిన్నర్. విసరాలి, చుట్టాలి, ఒక్క క్షణం ఆగాలి, మళ్ళీ చుట్టాలి."

"గంట నుంచి విసురుతున్నాను, చుడుతున్నాను. పడిందేమిటి? నాచు."

"ఆగమన్న చోట ఆగట్లేదు మీరు."

"ఆ పొడుగు కర్ర ఇలా ఇవ్వండి. దారానికి బెండు కట్టి, వానపాము గుచ్చి, నోరు మూసుకుని కూర్చుంటాను. మా నాన్న కైకలూరు కాలవ గట్టున అలాగే కూర్చునేవాడు. ఒక్కనాడూ ఉత్త చేతులతో ఇంటికి రాలేదు."

"ఇది కైకలూరు కాదు నర్సమ్మ గారూ. ఇక్కడి చేపలు వేరు."

"ఏం, ఇంగ్లీషులో తింటాయా?"

అతను ఆమె చేతిలోని కర్ర లాక్కుని, మణికట్టు ఎలా తిప్పాలో చూపించడం మొదలుపెట్టాడు. ఆమెకి ఒళ్ళు మండింది. వార్డులో ఇరవై ఏళ్ళుగా ఇంజెక్షన్లు చేస్తున్న చెయ్యి అది. దానికి తిప్పడం నేర్పుతున్నాడు!

"నా చేతిలోది లాక్కోకండి," అంది పళ్ళ బిగువున.

"లాక్కోలేదు. నేర్పుతున్నాను."

"నేర్పమని నేనడిగానా?"

వెనక బూట్ల చప్పుడైంది. చేపలు పట్టే లైసెన్సులు చూసే రేంజర్, తెల్లగడ్డం పెద్దాయన. ఇద్దరూ చెరో కాగితం తీసి చూపించారు.

"విడివిడిగా ఎందుకు తీసుకున్నారు? ఫ్యామిలీ లైసెన్స్ ఒకటి తీసుకుంటే సరిపోయేది కదా," అన్నాడాయన.

ఇద్దరూ కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. రేంజర్ నవ్వాడు. "నాకూ పెళ్ళై ముప్పై రెండేళ్ళయింది. మీ గొంతులు కార్ పార్క్ దాకా వినిపించాయి. భాష తెలియకపోయినా సంగతి తెలిసింది." అంటూ వెళ్ళిపోయాడు.

ప్రేమజ్యోతి ఫోన్ మోగింది. కూతురు సారిక. నాలుగడుగులు పక్కకి వెళ్ళి ఎత్తింది.

"మమ్మీ, ఈజ్ ఇట్ బ్యాడ్?"

"ఘోరం. ఒక్కమాట వింటే కదా. అన్నీ తనకే తెలుసు."

"సువార్త ఆంటీ ఏం చెప్పింది? ఇద్దరూ ఒక రోజు కూర్చుని మాట్లాడుకోండి అంది. జస్ట్ వన్ డే. గివ్ హిమ్ ఎ ఛాన్స్."

సువార్త వాళ్ళ పాస్టరుగారి భార్య. ఆవిడ మాట కాదనలేకే ఇంతదూరం రావడం.

"ఈ వయసులో నాకీ పోరెందుకే?" అని పెట్టేసింది.

వెనక్కి వచ్చి, అతన్ని అడగకుండానే పొడుగు కర్ర తీసుకుంది. ఇంటి పెరట్లో తవ్వి ఐస్‌క్రీమ్ డబ్బాలో తెచ్చుకున్న వానపాముల్లోంచి ఒకదాన్ని గుచ్చింది. బెండు కట్టేటప్పుడు అతను పెట్టిన ముడి అడ్డొస్తే పళ్ళతో కొరికేసి, గాలం నీళ్ళలోకి వదిలింది.

"అయ్యో! ఆ ముడి వెయ్యడానికి నాకు పావుగంట పట్టింది!" సుందర్ రాజు గొంతు లేచింది. "ఇంత మొండి మనిషితో ఎవరు వేగుతారండీ?"

"ఎవరూ వేగక్కర్లేదు. నా జీతం నేను తింటున్నాను. నా తలుపు నేను వేసుకుంటున్నాను."

అతని మొహం మాడిపోయింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపానికే. కారు తాళాల కోసం జేబు తడుముకుంది.

అప్పుడే బెండు మునిగింది.

ఆమె తాళాలు వదిలి కర్ర ఎత్తింది. కర్ర విల్లులా వంగింది. సుందర్ రాజు ఈసారి ఏమీ చెప్పలేదు. వల తీసుకుని బూట్లతోనే మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. చారల చేప, జానెడు పైనే ఉంది. వలలో పడింది.

ఒడ్డుకెక్కి, నీళ్ళు కారుతున్న ప్యాంటు పిండుకున్నాడు.

"ఒక మాట చెప్తే నవ్వకూడదు," అన్నాడు చివరికి.

"చెప్పండి."

"వానపాముని ముట్టుకోవాలంటే నాకు అసహ్యం. అందుకే స్పిన్నరు."

"అందుకోసం నాలుగు కర్రలు కొన్నారా?"

"పరువు కదండీ."

ఆమె నవ్వలేదు. గట్టిగా పెదవి బిగబట్టుకుని, ఇంకో వానపాము తీసి అతని గాలానికి గుచ్చి చేతికిచ్చింది. "కూర్చోండి. విసరొద్దు, చుట్టొద్దు, మాట్లాడొద్దు."

అతను కూర్చున్నాడు. మాట్లాడలేదు.

మధ్యాహ్నం సారిక మళ్ళీ ఫోన్ చేసింది. "మమ్మీ, ఆంటీ అడుగుతోంది. ఏం చెప్పను?"

"మొండి మనిషి. నోటి దురుసు. వానపాము కూడా గుచ్చుకోలేడు."

"సో, నో చెప్పేయనా?"

"నేను నో అన్నానా?"

అవి వాళ్ళ పెళ్లిచూపులు.