జవాబు వెళ్ళే దారి

"ఏం చేస్తున్నావమ్మా?" మంచం మీంచి మామగారు అడిగారు. ఆయన కాలికి కట్టు కట్టి పైకి వేలాడదీశారు.

కోడలు ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. ఆ ఆసుపత్రి నెట్‌వర్కు చూసేది ఆమే. "వైఫైలోకి దొంగ డేటా ప్యాకెట్లు వస్తున్నాయి మామయ్యా, దొంగ ఉత్తరాల్లాగా. ఒకరి అడ్రసు పెట్టి ఇంకొకరు పంపుతున్నారు. సిస్టమ్‌లో సెట్టింగు మారుస్తున్నా."

"అడ్రసు సరిగ్గానే ఉంటే దొంగదని ఎలా తెలుస్తుంది?"

"దానికి జవాబు పంపితే ఏ దారిన పోతుందో సిస్టమ్ చూస్తుంది. వచ్చిన దారి అది కాకపోతే పడేస్తుంది."

ఆమె ఆ సెట్టింగులో సున్నా చెరిపి ఒకటి కొట్టింది. కారు ప్రమాదం జరిగి పన్నెండు రోజులు. వేళ్ళు పని చేసుకుపోతున్నాయి గానీ, మిగతా ఒళ్ళు తనది కానట్టే ఉంది.

మామగారు తన ఫోను తీశారు. కొడుకు నంబరు నుంచి పొద్దున వచ్చిన మెసేజి మళ్ళీ చదువుకున్నారు. 'కింది వార్డులోనే ఉన్నా నాన్నా. నన్నింకా లేవనివ్వడం లేదు. మందులు వేసుకో.' ఒక్కో అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టి పంపారు.

పక్క కుర్చీలో పెట్టిన ఆమె బ్యాగులో ఏదో గుర్రుమంది.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"రోజూ నేను జవాబు పంపగానే అక్కడే మోగుతోందమ్మా," అన్నారాయన, కిటికీ వైపు చూస్తూ. "వాడు ఇక లేడని మొదటి రోజే అర్థమైంది. మెసేజి మాత్రం పడేయలేకపోయాను."

ఆమె బ్యాగులోంచి భర్త ఫోను తీసింది. ఆయన కొడుక్కి రాసింది ఒక్క వాక్యం.

'అమ్మాయి ఇంకా ఏడవలేదురా.'