నేల గడ్డకట్టక ముందే

“ఆ పార కింద పడేస్తావా లేదా?”

కార్లా శ్మశానం గేటు దగ్గర్నుంచే అరిచింది. చర్చి వెనక, నాన్న సమాధి పక్కన, మోకాలి లోతు గోతిలో నిలబడి ఉన్నాడు ఆమె తమ్ముడు వేన్. చొక్కా విప్పి నాన్న సమాధి రాయి మీదే ఆరేశాడు. ఒళ్లంతా చెమట.

నవంబరు నెలాఖరు. మినెసోటాలో ఈపాటికి మంచు పడి ఉండాలి. అలాంటిది ఊరు ఊరంతా పొట్టి చేతుల చొక్కాలతో రోడ్డు మీదే ఉంది. సరస్సు గట్టున పిల్లలు ఐస్‌క్రీం తింటున్నారు. ఇంత ఎండ మళ్లీ ఏప్రిల్ దాకా దొరకదని, జబ్బుతో తీసుకుంటున్న తల్లిని దుప్పట్లో చుట్టి, కార్లో కూర్చోబెట్టుకుని షికారుకు బయల్దేరింది కార్లా. దారిలో తమ్ముడి నిర్వాకం కంటబడింది.

“అమ్మ కార్లో ఉందిరా! అంతా చూస్తోంది!”

వేన్ మొహం పాలిపోయింది. “ఇటెందుకు తీసుకొచ్చావక్కా?”

“నన్నంటావేం? ఊపిరున్న మనిషికి గొయ్యి తవ్వుతావా? సిగ్గులేదూ?”

“మెల్లగా మాట్లాడు. పాస్టర్‌ని అడిగే తవ్వుతున్నా. గురువారం నుంచి మంచట. ఒక్కసారి నేల గడ్డకడితే గునపం కూడా దిగదు. డాక్టరేమన్నాడో నువ్వూ విన్నావుగా, అమ్మ క్రిస్మస్ చూడదని.”

“డాక్టరంటే అయిపోయినట్టేనా? నీకంత తొందరగా ఉందా?”

“నాన్న సంగతి మర్చిపోయావా? జనవరిలో పోతే, నేల తవ్వలేక మే దాకా శవపెట్టె చర్చి పక్క రాతి కొట్లోనే ఉంది. అమ్మని అలా ఒంటరిగా చీకట్లో, చలిలో...”

కార్లా గోతిలోకి దూకి పార పట్టుకుని లాగింది. వాడు వదల్లేదు. ఇద్దరూ చిన్నపిల్లల్లా పెనుగులాడారు. చివరికి ఆ పార పట్టుకునే ఇద్దరూ ఏడ్చేశారు.

కారు తలుపు చప్పుడైంది. తల్లి లెంపీ చేతికర్ర ఊతంతో ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తోంది. దుప్పటి ఎక్కడో జారిపోయింది. ఇద్దరూ పరుగెత్తి చెరో రెక్కా పట్టుకున్నారు.

ఆవిడ గొయ్యి అంచున నిలబడి లోపలికి చూసింది. తర్వాత మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని, ఎండకి చెంపలిచ్చింది.

“ఎంత హాయిగా ఉందర్రా!”

“అమ్మా, వీడికి బుద్ధి లేదు. మనసులో పెట్టుకోకు” అంది కార్లా.

“వాణ్నేమీ అనకు. నేనే చెబుదామనుకుంటూ నోరు రాక ఊరుకున్నా.” లెంపీ మట్టి కొట్టుకున్న కొడుకు చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

వేన్ కళ్లు తుడుచుకున్నాడు. “నాన్న పక్కనేనమ్మా. మధ్యలో ఎడం కూడా పెద్దగా ఉంచలేదు.”

లెంపీ భర్త సమాధి వంక చాలాసేపు చూసింది. గాలికి రాయి మీద కొడుకు చొక్కా రెపరెపలాడింది.

“ఇది పూడ్చెయ్ నాయనా” అంది నెమ్మదిగా. “బతికున్నన్నాళ్లూ ఆయన పక్కన పడుకోక తప్పలేదు, ఇప్పుడైనా అదిగో, ఆ కంచె పక్కన, దూరంగా తవ్వు.”