ఆఖరి ఇంటి నిమ్మచెట్టు

వీధిలో ఆఖరి ఇంటి ముందుకు వచ్చేసరికి తెగుళ్ల ఇన్‌స్పెక్టరు నడక నెమ్మదించింది.

పొద్దుటి నుంచి ఆయన వరసగా ఇల్లిల్లూ తిరిగి, గజ్జి తెగులు సోకిన నిమ్మచెట్లన్నీ కొట్టించాడు. ఊళ్లో సగం కుటుంబాలు బతికేది ఈ వీధి వెనకాల ఉన్న నిమ్మతోటల మీదే. అక్కడి రైతులు రాగి మందు చల్లి, మచ్చలు పడ్డ కొమ్మలు కత్తిరించి కాల్చి, నానా తంటాలు పడి తెగులును అదుపులోకి తెచ్చుకున్నారు. తీరా ఒక వాన పడి గాలి కొడితే చాలు, పెరటి చెట్ల మీది క్రిములు మళ్లీ తోటల్లోకి చేరుతున్నాయి. అందుకే మచ్చ కనిపించిన పెరటి చెట్టు ఎవరిదైనా సరే తీసెయ్యాలని పైనుంచి ఉత్తర్వు.

ఎక్కడా పెద్ద గొడవ కాలేదు. కాకపోతే చెట్టు పోయినవాళ్లెవరూ ఇంట్లో కూర్చోలేదు. ఒక్కొక్కరే వచ్చి ఇన్‌స్పెక్టరు వెనకాల చేరారు. ఇప్పుడు వీధి వీధంతా ఆయన వీపునే చూస్తోంది. ఈ ఇంటావిడ నోరంటే అందరికీ హడలే మరి.

“కొట్టండి సార్, తలుపు కొట్టండి,” అన్నాడు ఎదురింటి టైలరు మహా ఉత్సాహంగా.

కొట్టాడు. తలుపు జానెడు తెరుచుకుంది. ముందు గరిటె, ఆ వెనక ఇంటావిడ కనిపించింది.

“ఎవరు కావాలి?”

“తెగుళ్ల శాఖ నుంచి వచ్చామండీ. మీ ఇంట్లో గజ్జి...”

“గజ్జా! మా ఇంట్లో ఎవరికీ గజ్జి లేదు. మేం రోజూ స్నానం చేస్తాం.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“మనుషులకు కాదండీ, నిమ్మచెట్టుకు. ఆకుల మీద గరుకు మచ్చలు, చుట్టూ పసుపు వలయాలు. కాయల మీద కూడా ఉన్నాయి.”

“చూడకుండానే చెప్పేస్తున్నారే! గోడెక్కి తొంగిచూశారా ఏమిటి?”

ఇన్‌స్పెక్టరు ఉత్తర్వు కాగితం తీసి ముందుకు చాపాడు.

“ఏదీ, కార్డు చూపించండి.”

చూపించాడు. ఆవిడ ఫొటోను చూసింది, ఆయన్ని చూసింది, మళ్లీ ఫొటోను చూసింది.

“ఇందులో కాస్త నయం. సరే గానీ, ఆ బూట్లతోనే వస్తారా? ఊళ్లో క్రిములన్నీ మోసుకొచ్చి మా చెట్టుకు అంటిద్దామనా?”

మాటకేం, న్యాయమైన మాటే. ఇన్‌స్పెక్టరు నడివీధిలో బూట్లు మందునీళ్లలో ముంచాడు, చేతులు కడిగాడు, పనివాళ్ల చేత రంపం కూడా కడిగించాడు.

“ఎడమ బూటు సరిగ్గా మునగలేదు సార్,” అన్నాడు టైలరు.

మళ్లీ ముంచాడు.

పెరట్లో చెట్టు విరగకాసి ఉంది. ఆకు ఆకుకీ మచ్చే. ఇంటావిడ చెట్టుకు అడ్డంగా నిలబడింది.

“ఇది మా ఆయన నాటిన చెట్టు. పెళ్లయిన కొత్తలో, నా కోసం నాటాడు. ఆయన చస్తే ఒప్పుకోడు.”

“మీ ఆయన సంగతి నేను చూసుకుంటాను లెండి.”

“ఆయన మొండి ఘటం.”

“నాకంటేనా!”

“పొద్దున్నే నిమ్మరసం పడకపోతే మంచం దిగడు.”

“అలవాటు మానుకుంటాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, చెట్టు వంక ఒకసారి చూసి.

ఆవిడ గరిటె కిందికి దించింది. “పోనీ, ఒక్క కొమ్మ ఉంచండి. మందు కొట్టుకుంటాం,” అంది మెల్లగా.

అరుపులకు తట్టుకున్న మనిషి ఆ మెత్తదనానికి కరిగిపోబోయాడు. నోట్లోంచి ‘సరే’ రాబోయింది కూడా. అంతలో పిట్టగోడ మీద వరసగా తలకాయలు కనిపించాయి. అందరూ పొద్దున చెట్లు పోగొట్టుకున్నవాళ్లే. వాళ్ల వెనక దూరంగా, పచ్చగా, మచ్చ లేని తోటలు.

“వీల్లేదండీ. కొట్టండయ్యా,” అని మొహం అటు తిప్పుకున్నాడు.

చెట్టు కూలింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొమ్మలన్నీ అక్కడే కాల్చేశారు.

“మీకు మనసంటూ ఉంటేగా!” అంటూ ఇంటావిడ కళ్లొత్తుకుని, అందర్నీ బయటికి తోలి, ధడేలున తలుపేసి గడియ పెట్టింది.

“మీ గుండెకో దణ్ణం సార్,” అన్నాడు టైలరు నిజంగానే చేతులు జోడించి. పనివాళ్లు రంపం సర్దుకుని వెళ్లారు. జనం ఒక్కొక్కరే ఇళ్లకు కదిలారు.

వీధి ఖాళీ అయ్యేదాకా ఆగి, ఇన్‌స్పెక్టరు మూసిన తలుపుకు నోరు ఆనించి గుసగుసలాడాడు: “ఏమేవ్, అందరూ వెళ్లిపోయారు, ఇకనైనా నీ మొగుణ్ణి లోపలికి రానివ్వవే!”