ఊపిరి తగిలిన పొర

బాపట్ల కాలేజీ ల్యాబులో సుహాసిని మూడేళ్ల పరిశోధనంతా ఒక్క మాట మీద నిలబడింది. పాలిమర్ పొరలో మెత్తబరిచే ద్రవం కలిపితే కరెంటును మోసే అయాన్లు పరుగెడతాయి, కలపకపోతే నత్తనడక నడుస్తాయి. ఆ రాత్రి ద్రవం కలపని పొరను మీటరుకు తగిలించి, మీదికి వంగి చూసింది. కదలకూడని ముల్లు లేచింది. పడింది. నిద్రపోయేవాడి పొట్టలా మళ్లీ లేచింది.

"నా థీసిస్ మునిగింది బాబాయ్!"

అటెండరు ఏసుపాదం గుమ్మంలోంచి నవ్వాడు. "ఏంటమ్మా, చేపల పులుసులాగా దాన్ని అట్టా వాసన చూస్తున్నావు?"

సుహాసిని ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టింది. ముల్లు చతికిలబడింది. అంటే, తన ఊపిరిలోని తేమే పొరను మెత్తబరిచిందన్నమాట! పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వుకుంటూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

బల్ల దగ్గర ఎవరూ లేరు. ముల్లు నెమ్మదిగా లేచింది. పడింది. లేచింది.

"అమ్మా... అక్కడెవరు?" ఏసుపాదం ఓ అడుగు వెనక్కేశాడు.

"ఎవరైతేనేం బాబాయ్, ఊపిరి తీసుకునేవాళ్లేగా! నా థీసిస్‌కి ఢోకా లేదు. తాళం వెయ్యి, తెనాలి రైలెళ్లిపోద్ది!"