నాలుగో అంతస్తు తలుపు

మాదాపూర్ ఆఫీసులో, నాలుగో అంతస్తు సర్వర్ గదిలో వేణు ఒక్కడే ఉన్నాడు. ఆరో అంతస్తు నుంచి అర్థంలేని సందేశాలు వరదలా వచ్చి నెట్‌వర్క్‌ను ముంచేస్తున్నాయి.

"కారణం వెతకడం తర్వాత. అన్ని పోర్టులకీ స్టార్మ్ కంట్రోల్ పెట్టెయ్, వరదొస్తే వాటంతటవే మూసుకుంటాయి," అని మేనేజర్ ఫోన్‌లో కసిరాడు. వేణు పెట్టేశాడు. ఆరో అంతస్తు పోర్టు, అంటే ఆ అంతస్తు కేబుల్ వచ్చి కలిసే ద్వారం, వెంటనే మూసుకుంది.

వాచ్‌మన్‌కి ఫోన్ చేశాడు. "మొగిలీ, పైన ఎవరైనా ఉన్నారా?"

"ఎవరుంటరన్నా? పై రెండు ఫ్లోర్లు ఖాళీ జేసి నెలైంది, కరెంటు గూడ తీసేసిన్రు. భయమైతుందా ఏంది?"

వేణు నవ్వబోయాడు. అంతలో ఐదో అంతస్తు పోర్టు మూసుకుంది. వరద కిందికి దిగుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ గది తలుపు తాళం నాలుగో అంతస్తు పోర్టు మీదే నడుస్తుంది. పనివాళ్లందరూ దొంగలేనని నమ్మే యాజమాన్యం లోపలి వైపు కూడా కార్డు ఆనిస్తేనే తెరుచుకునే తాళం పెట్టించింది. పోర్టు మూసుకుంటే బయటికి పోలేడు.

"మొగిలీ, తాళంచెవి తీసుకుని జల్దీ రా!"

వేణు పరిగెత్తి కార్డు ఆనించేలోపే తాళం మీది పచ్చ దీపం ఆరిపోయింది. తలుపు అవతల ఎవరో నింపాదిగా పిడి తిప్పారు.

"మొగిలీ, వచ్చేశావా?"

ఫోన్‌లోంచి మొగిలి గొంతు వినిపించింది. "ఇంక కిందనే ఉన్నన్నా, లిఫ్టు వస్తలేదు."